సున్నా రాసిన ఇల్లు, ఖాళీ వదిలిన ఇల్లు



కుటుంబ వివరాల పట్టిక గురించి వారం రోజులుగా మన గ్రూపులో నడుస్తున్న మాటలు అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ పట్టిక తయారు చేసింది నేనే కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే. వాట్సాప్‌లో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదిది. దీని వెనక పాతికేళ్ల కంప్యూటర్ చరిత్ర ఉంది, ఇంకా తవ్వితే మన పాళయాల కాలం దాకా పోతుంది. అందుకే ఎప్పటిలాగే పెద్ద పోస్టు. టీ పెట్టుకుని కూర్చోండి.

జరిగింది ఇదీ. ఏళాయిరంపన్నైలో వరసకు నాకు పెద్దనాయన అయ్యే ఒకాయన ఉన్నారు. ఆయన మనవరాలి చేత ఫోన్‌లో మన పట్టిక నింపించారు. ‘మీ ఇంట్లో తెలుగు చదవగలవారు ఎందరు?’ అన్న చోట 0 అని కొట్టించారు. ఆ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. మేము అచ్చు తీసి పంచిన జాబితాలో ఆయన ఇంటికి ఎదురుగా 1 అని ఉంది. వెంటనే ఫోన్ చేశారు. “ఏమప్పా, నేను సున్నా అని చెప్తే ఒకటి అని ఎవురు రాసినారు? మా ఇంట్లో చదివేది ఎవురు, గోడా?”

ఆయనే తప్పు కొట్టించి ఉంటారని మొదట అనుకున్నాను. అదీ ఒప్పుకోవాలి. తర్వాత జాబితా మొత్తం తిరగేస్తే, 0 ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. మూడు నాలుగు తరాలుగా తమిళ బడుల్లోనే చదువుకున్న మన కరిసల్ సీమ ఇళ్లల్లో, తెలుగు చదవలేని ఇల్లే లేదట! ఈ జాబితాను జతచేసి మన పిల్లలకు తెలుగు నేర్పే ఏర్పాటు చేయమని అర్జీ పెట్టబోతున్నాం. ‘అన్ని ఇళ్లల్లోనూ చదవగలవాళ్లు ఉన్నారు కదా, ఇంక మీకెందుకయ్యా’ అని ఆఫీసులో ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు ఉండేది కాదు. మన వాదనకు బలం ఆ సున్నాలే. వాటన్నిటినీ నేను రాసిన ఒక్క వరుస మింగేసింది. ఆ వరుస ఇది:

చదవగలవారు = చదవగలవారు || 1;

(తెలుగులో ఉంది కదా అని ఇది ఉత్తుత్తి కోడు అనుకోకండి. జావాస్క్రిప్ట్‌లో చలరాశులకు తెలుగు అక్షరాల్లో పేర్లు పెట్టుకోవచ్చు. ఆ పేరు ముందే ప్రకటించి ఉంటే, ఈ వరుస ఏ బ్రౌజరులోనైనా ఉన్నది ఉన్నట్టే నడుస్తుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు మనలో తక్కువ.)

మధ్యలో ఉన్న రెండు నిలువు గీతలకు అర్థం ‘లేదా’. ఎడమవైపు చెల్లే విలువ ఉంటే అదే తీసుకో, లేకపోతే కుడివైపుది తీసుకో అని. ఎవరైనా గడి నింపకుండా వదిలేస్తే 1 అనుకుందాం, సంఘం ఇల్లు కదా, ఒక్కరైనా చదవగలరులే అని ఆ 1 నేను పెట్టాను. ఇలా అవతలివారు చెప్పకపోతే మనం వేసుకునే విలువనే డిఫాల్ట్ అంటారు.

డిఫాల్ట్ అన్న మాట మన మట్టికి కంప్యూటర్‌తో వచ్చిందేమీ కాదు. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఆ మాటకు అసలు అర్థం లోటు, చేయాల్సింది చేయకపోవడం. అప్పు కట్టనివాణ్ణి బ్యాంకు నేటికీ డిఫాల్టరనే అంటుంది. ఆ అర్థంలో చూస్తే మన సీమ చరిత్రలో పెద్ద డిఫాల్టరు వీరపాండ్య కట్టబొమ్మనే. ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడిన కుటుంబం వాళ్లది. కిస్తు బాకీ ఉందని కలెక్టర్ జాక్సన్ ఆయన్ని ఊరూరా తన వెంట తిప్పుకుని, 1798 సెప్టెంబరులో రామనాథపురంలో కలిశాడు. ఆ కలయిక కొట్లాటలో ముగిసింది. మరుసటి ఏడు పాంచాలంకురిచ్చి కోట మీదికి మేజర్ బ్యానర్‌మన్ దండు వచ్చింది. 1799 అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మను ఉరి తీశారు. ఆయన పక్షాన నిలిచాయని కుంఫిణీ వారు స్వాధీనం చేసుకున్న పాళయాల్లో నాగలాపురం, కోళార్‌పట్టి, కాడల్‌గుడితో పాటు మన ఏళాయిరంపన్నై కూడా ఉంది. నువ్వు కట్టకపోతే నీ తరఫున మేమే నిర్ణయిస్తాం అన్నది ఆనాటి డిఫాల్ట్. నువ్వు చెప్పకపోతే నీ తరఫున మేమే రాస్తాం అన్నది నా కోడులో ఉన్న డిఫాల్ట్. పోలిక కాస్త పెద్దదే అయింది గానీ, పెద్దనాయన గొంతులో వినిపించిన కోపం ఆ జాతిదే అనిపించింది నాకు.

సరే, కంప్యూటర్ దగ్గరికి వద్దాం.

1995 మే నెలలో అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు పది రోజుల్లో ఒక చిన్న భాషకు తొలి రూపం తయారు చేశాడు. లోపల దాన్ని మోకా అని పిలిచారు, సెప్టెంబరుకు లైవ్‌స్క్రిప్ట్ అయింది, ఆ డిసెంబరు 4న నెట్‌స్కేప్, సన్ మైక్రోసిస్టమ్స్ కలిసి జావాస్క్రిప్ట్ అన్న పేరు ప్రకటించాయి. జావా అప్పట్లో గొప్ప పేరు కాబట్టి ఆ పేరు తగిలించారు తప్ప రెంటికీ దగ్గర చుట్టరికం లేదు. మోడెముల కాలం అది. పట్టికలో ఒక గడి తప్పుగా నింపితే ఆ సంగతి సర్వర్ దాకా పోయి తిరిగి వచ్చేసరికి నిమిషం పట్టేది. ఆ తనిఖీ మన కంప్యూటర్‌లోనే జరిగిపోవాలన్నది ఈ భాష పుట్టుకకు ఒక కారణం. అంటే జావాస్క్రిప్ట్ పుట్టిందే మన సంఘం పట్టిక లాంటి వాటి కోసం.

పది రోజుల్లో కట్టిన ఇంట్లో తలుపులు కొన్ని సరిగ్గా పడవు. ఈ భాషలో ‘లేదు’ అని చెప్పడానికి ఒకటి కాదు, రెండు మాటలు పడ్డాయి. ఒకటి నల్. ‘ఏమీ లేదని తెలిసే చెబుతున్నాను’ అని దాని భావం. రెండోది అన్‌డిఫైన్డ్. ‘ఇక్కడ ఎవరూ ఏమీ పెట్టలేదు’ అని. నల్ అన్నది జావాస్క్రిప్ట్ కన్నా బాగా పాతది. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాషలో దాన్ని పెట్టిన టోనీ హోర్, 2009లో ఒక సభలో అది తాను చేసిన వంద కోట్ల డాలర్ల పొరపాటని తనే చెప్పుకున్నాడు. రెండు రకాల లేమి ఉన్న భాషను ఆయన చూసి ఏమనుకుని ఉంటాడో!

నిజానికి మనకు ఈ రెండూ కొత్త కాదు. ‘పిల్లలెందరు?’ అని అడిగితే ‘లేరు’ అనడం ఒకటి, ఆ ప్రశ్న తనను అడగనే లేదన్నట్టు ఊరుకోవడం ఇంకొకటి. పెళ్లి చూపుల్లో కూర్చున్న ఏ పెద్దమనిషైనా ఈ రెంటి మధ్య తేడా ఇట్టే పట్టేస్తాడు. జావాస్క్రిప్ట్‌లోని ఆ రెండు గీతలకు మాత్రం పట్టుబడలేదు.

ఎందుకంటే, మొదట్లో || పని వేరు. రెండు షరతులు ఇస్తే అవును అనో కాదు అనో తేల్చి చెప్పడమే దాని పని. తొలి రూపాల్లో అది సరిగ్గా అంతే చేసేది, జవాబుగా అవును, కాదు తప్ప మరోటి ఇచ్చేది కాదు. 1997 జూన్‌లో ఈసీఎంఏ-262 అన్న పేరుతో ఈ భాషకు ప్రమాణం కుదిరేసరికి దాని తీరు మారింది. పెర్ల్ అనే పాత భాషలో లాగా, రెంటిలో గెలిచిన విలువనే తెచ్చి చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. అక్కడే ప్రోగ్రామర్లకు ఒక చిట్కా దొరికింది. డిఫాల్ట్ పెట్టడానికి ఈ భాషలో వేరే దారి లేదు కాబట్టి, రెండు గీతలనే డిఫాల్ట్‌కు వాడుకోవడం మొదలైంది. 2008లో వచ్చిన తన చిన్న పుస్తకంలో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ కూడా || ను డిఫాల్ట్ విలువలకు వాడుకోవచ్చని చూపించాడు. ఆ పుస్తకం చదివి ఎదిగిన తరం మాది. మాకది చిట్కా అని కూడా తెలియదు, వ్యాకరణమే అనుకున్నాం.

చిట్కాలో ఉన్న చిక్కు ఇది. || ఎడమవైపు విలువను ‘ఉందా లేదా’ అని చూడదు. ‘అవును జాతా, కాదు జాతా’ అని చూస్తుంది. ఆ లెక్కలో నల్, అన్‌డిఫైన్డ్ రెండూ కాదు జాతి, బాగానే ఉంది. కానీ సున్నా కూడా కాదు జాతే. ఏ అక్షరమూ లేని ఖాళీ మాటా కాదు జాతే. చివరికి ‘కాదు’ అని మనిషి నోరు తెరిచి చెప్పిన జవాబూ కాదు జాతే. ‘సంఘం పత్రిక ఇంటికి పంపమంటారా?’ అన్న ప్రశ్నకు డిఫాల్ట్‌గా ‘పంపండి’ అని పెట్టి రెండు గీతలు వాడారనుకోండి, వద్దు అన్నవారింటికి కూడా జన్మంతా పత్రిక వస్తూనే ఉంటుంది. చందా మాఫీ ఉన్న విధవరాలి పేరు ఎదురుగా 0 అని రాస్తే, అది మామూలు చందా అయి కూర్చుంటుంది. ప్రపంచమంతటా ఎన్నో ఏళ్లు ఇదే జరిగింది. శబ్దం పూర్తిగా తగ్గించి 0 దగ్గర పెడితే మళ్లీ సగానికి ఎగిరే వీడియోలు, తగ్గింపు 0 అంటే ఒప్పుకోని బిల్లులు. ఏదో ఒకటి మీరూ చూసే ఉంటారు, కారణం మాత్రం తెలిసి ఉండదు.

భాషను సరిచేయాలనుకున్నవాళ్లు లేకపోలేదు. నాలుగో కూర్పు కోసం పెద్ద ప్రయత్నమే జరిగింది గానీ కమిటీలో వాళ్లకు వాళ్లకే పొసగక 2008లో దాన్ని వదిలేశారు. (కమిటీల సంగతి మనకు చెప్పాలా.) 2009లో జెరెమీ అష్కెనాస్ అనే ఆయన కాఫీస్క్రిప్ట్ అని వేరే చిన్న భాష తెచ్చాడు. అందులో రాస్తే అది జావాస్క్రిప్ట్‌గా మారేది. ‘అసలు ఉందా?’ అని మాత్రమే అడిగే ఒక ప్రశ్నార్థకం గుర్తు అందులో ఉండేది, సున్నాను సున్నాగానే వదిలేది. పక్క భాషల్లో అప్పటికే ఇలాంటివి వచ్చేశాయి. 2005లో సీ షార్ప్‌కు, 2007లో పెర్ల్‌కే. ఏ పెర్ల్ తీరును జావాస్క్రిప్ట్ తీసుకుందో ఆ పెర్లే తన పొరపాటు దిద్దుకుంది, తీసుకున్నవాళ్లు మాత్రం దిద్దుకోలేదు.

2015 జూన్‌లో ఆరో కూర్పు వచ్చింది. అందులో ఫంక్షన్‌కు ఇచ్చే వివరాల పక్కనే డిఫాల్ట్ రాసుకునే వీలు కల్పించారు. ఆ వివరం ఇవ్వకపోతేనే, అంటే అన్‌డిఫైన్డ్ అయితేనే, డిఫాల్ట్ పనిచేస్తుంది. సున్నా ఇస్తే సున్నాయే, నల్ ఇస్తే నల్లే. ‘లేదు అని చెప్పాడు’, ‘ఏమీ చెప్పలేదు’ అన్న రెంటినీ భాషే వేరు చేసి చూడటం ఇక్కడ మొదలైంది. పైగా ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ ఆ డిఫాల్ట్‌ను కొత్తగా లెక్కకడతారు. పైథాన్‌లో ఒక్కసారే కట్టి దాచిపెడతారు, దానితో వచ్చే తిప్పలు వేరు. అది ఇంకో పోస్టు.

ఫంక్షన్ల బయట, మామూలు వరుసల్లో మాత్రం ఇంకో ఐదేళ్లు రెండు గీతలే దిక్కు. 2020 కూర్పులో ?? అన్న గుర్తు వచ్చింది. రెండు ప్రశ్నార్థకాలు. ఎడమవైపు నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ అయితేనే కుడివైపుకు పోతుంది. సున్నా, ఖాళీ మాట, కాదు, ఇవన్నీ జవాబులే, వాటి జోలికి పోదు. మరుసటి ఏడు ??= కూడా వచ్చి, నేను పైన రాసిన వరుస ఇంకా పొట్టిదైంది. ఇందులో నాకు నచ్చిన పట్టుదల ఒకటి ఉంది. ఒకే వరుసలో || ను, ?? ను కుండలీకరణాలు లేకుండా పక్కపక్కన వాడితే జావాస్క్రిప్ట్ ఒప్పుకోదు, వ్యాకరణ దోషం అంటుంది. నీ మనసులో ఏది ఉందో విడమరిచి చెప్పు అని. మరి పాత ||నే సరిచేయొచ్చు కదా అంటారు. కుదరదు. 1997 నుంచి ఆ తీరు మీద ఆధారపడి కట్టిన పేజీలన్నీ ఒక్క రోజులో తలకిందులవుతాయి. మన పాత ఇళ్లల్లో తలుపు వంకరగా ఉంటే దాన్ని కదిలించకుండా పక్కన కొత్త తలుపు పెట్టుకున్నట్టు, కొత్త గుర్తు తెచ్చారు.

ఇంత తెలిసినవాణ్ణి కదా, తప్పు దొరికిన రోజు రాత్రే || తీసేసి ?? పెట్టాను. పొద్దున్న పరీక్షించి చూస్తే సున్నాలు వచ్చాయి. చాలా వచ్చాయి, అనుమానం వచ్చేన్ని. అసలు కథ ఇక్కడుంది, కాస్త ఓపిక పట్టండి.

పట్టికలో మీరు కొట్టేది ఏదైనా కంప్యూటర్‌కు ముందు అక్షరాలుగానే చేరుతుంది. దాన్ని సంఖ్యగా మార్చాలి. జావాస్క్రిప్ట్ ఖాళీ మాటను సంఖ్యగా మార్చమంటే ఏమిస్తుందో తెలుసా? సున్నా! ఏమీ రాయని గడి, మార్పిడి దగ్గరే 0 అయిపోతోంది. అటు తర్వాత ఎన్ని ప్రశ్నార్థకాలు పెట్టినా దాని కంటికి అది పక్కా జవాబే. అంటే మొదట నా కోడు సున్నా రాసిన ఇళ్లను ఒకటి చేసింది. దిద్దిన తర్వాత ఖాళీ వదిలిన ఇళ్లను సున్నా చేసింది. మొదటి తప్పు మన అర్జీకి నష్టం, రెండోది లాభం. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. తెలుగు చదవలేని ఇళ్లు ఎంత ఎక్కువగా కనిపిస్తే అర్జీకి అంత బలం కదా. కానీ ఖాళీ వదిలిన ఇళ్లలో శుభ్రంగా చదవగలవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, వాళ్లలో ఇద్దరు ఈ పోస్టు కింద కామెంటు కూడా పెడతారు.

ఇంకో వింత. గడిలో మన తెలుగు అంకె ౩ అని కొట్టి చూశాను. జావాస్క్రిప్ట్ దాన్ని సంఖ్యగా గుర్తించదు. ఎన్ఏఎన్, అంటే ఇది సంఖ్య కాదు అంటుంది. అది కూడా కాదు జాతే, కాబట్టి నా పాత వరుసలో అదీ 1 అయిపోయేది. తెలుగు అంకెలు కూడా వచ్చినవాళ్లు ఆ ఇంట్లో ముగ్గురు ఉన్నారని చెబితే, కాదు ఒక్కరే అని రాసేది! తేదీల గడిలో ఇంకా చిత్రం. పుట్టిన తేదీ దగ్గర నల్ ఇచ్చి తేదీ చేయమంటే 1970 జనవరి 1 వస్తుంది, కంప్యూటర్లు కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టే రోజు అది. మన దేశపు గడియారంలో పొద్దున్న 5:30. మన జాబితాలో నలుగురైదుగురు తాతలు ఆ రోజే పుట్టారు, మీరు గమనించలేదు.

నవ్వుకోకండి, మన తాతల అసలు పుట్టిన తేదీలూ డిఫాల్ట్‌లే. బడిలో చేర్చేటప్పుడు కుడిచేత్తో తల మీదుగా ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే ఐదేళ్లు నిండినట్టు. అయ్యవారు బడి తెరిచే రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు లెక్కగట్టి ఏదో తేదీ రాసుకునేవారు. ఊళ్లో సగం మంది బడి లెక్కల్లో వేసవి చివర పుట్టినవాళ్లే. ఆ తేదీ మీదే ఉద్యోగాలు చేశారు, ఆ తేదీకే రిటైరయ్యారు. ఒకసారి పుస్తకంలోకి ఎక్కిన తర్వాత, తల్లి చెప్పిన తేదీ ఏదో, అయ్యవారు వేసిన తేదీ ఏదో చూసి చెప్పగలవాళ్లు లేరు.

మన జాబితాలో ఇప్పుడు జరిగిందీ ఇదే. నేను డిఫాల్ట్‌ను చూపించేటప్పుడు కాకుండా, దాచేటప్పుడే వేశాను. ఇప్పుడు 1 ఉన్న ఇళ్లలో నిజంగా ఒకటి రాసిన ఇల్లేది, సున్నా రాసిన ఇల్లేది, ఖాళీ వదిలిన ఇల్లేది అని ఏ ప్రోగ్రామూ తేల్చలేదు. కోడు దిద్దడానికి పది నిమిషాలు. పోయిన సున్నాలు తెచ్చుకోవాలంటే మళ్లీ గడప గడపకూ పోవాల్సిందే.

పట్టికలో ఇంకో గడి గురించి ఎవరూ అడగలేదు గానీ నేనే చెబుతాను. ‘మాతృభాష’ అన్న చోట తెలుగు ముందే ఎంచి పెట్టాం. అది నా ఒక్కడి నిర్ణయం కాదు, మీటింగులో అందరం సంతోషంగా ఒప్పుకున్నాం. సర్కారు పట్టికల్లో మన భాష కోసం వరుస కిందిదాకా వెతుక్కునే మనకు, మన సొంత పట్టికలో తెలుగు ముందే కనిపిస్తే కడుపు నిండింది. కానీ తమిళ ఇళ్ల నుంచి వచ్చిన కోడళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు. ఇంటి పెద్ద పేరు ఎదురుగా తెలుగు ఉంటే, ఆ ఇంట్లో అందరికీ అదే దిగిపోయింది. ఎవరినీ అడగలేదు.

జనగణన వాళ్లు ఈ విషయంలో మనకన్నా చాలా జాగ్రత్త. 2011లో లెక్కింపుకు వచ్చినవారికి ఇచ్చిన సూచనలు చదివితే ముచ్చటేస్తుంది. మాతృభాష అంటే ఆ మనిషి చిన్నతనంలో తల్లి వారితో మాట్లాడిన భాష. పసితనంలోనే తల్లి పోయి ఉంటే, చిన్నప్పుడు ఆ ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. పసిపిల్లలకైతే తల్లి మామూలుగా మాట్లాడే భాష. ఏదీ తేలకపోతే ఇంట్లో ప్రధానంగా మాట్లాడే భాష. చూశారా, ఇది అచ్చంగా ?? ల వరుసే. ఒకటి దొరకకపోతేనే రెండోది, అదీ లేకపోతేనే మూడోది. అడగకముందే ఏదీ వేసుకోరు. ఒకే ఇంట్లో అందరి మాతృభాష ఒకటే కానక్కర్లేదు కాబట్టి ప్రతి ఒక్కరినీ అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, వాదించకూడదు.

ప్రశ్న అడిగే తీరు కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. 1881లో మాతృభాష అడిగారు, 1891లో తల్లిదండ్రుల భాష అడిగారు, 1901లో మామూలుగా వాడే భాష అడిగారు. కోవిల్‌పట్టి బజారులో పొద్దుగుంకేదాకా తమిళంలో బేరాలాడి, ఇంటికొచ్చి అవ్వతో తెలుగు మాట్లాడే మనిషి ఈ మూడు ప్రశ్నలకూ ఒకే జవాబు ఇస్తాడా? కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారినే తీసుకోండి. ఇంటి భాష తెలుగు. రాసింది తమిళంలో, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందీ తమిళ నవలకే. మాతృభాషకు ఒక గడి, రాసే భాషకు ఒక గడి వేరువేరుగా లేకపోతే ఆయన ఏ పట్టికలోనూ సరిగ్గా పట్టరు. మనలో చాలామందిమీ అంతే.

2011 లెక్కలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవారు 42 లక్షల పైచిలుకు, జనాభాలో 6 శాతానికి కొంచెం తక్కువ. ఆ అంకె వెనక ఉన్న ప్రతి మనిషినీ ఎవరో ఒకరు గడపలో నిలబడి అడిగారు. ఈసారి, 2027 జనగణనలో, కుటుంబాలు తామే ఆన్‌లైన్‌లో వివరాలు నింపుకునే వీలు కూడా ఉంటుందని ప్రభుత్వం ప్రకటించింది. మీ మనవళ్లు నింపితే పక్కన కూర్చోండి. కిందికి దిగే జాబితాల్లో ఇంకో సంగతి ఉంది, ఏదీ ఎంచమని చెప్పకపోతే బ్రౌజరు సాధారణంగా మొదట ఉన్నదాన్నే ఎంచినట్టు చూపిస్తుంది. అది ఏ వెబ్‌సైటులోనైనా జరగొచ్చు. మాతృభాష గడి దగ్గర ఆగి, మీ నోటితో చెప్పి కొట్టించండి. ఇంట్లో కోడలిని కూడా అడగండి. ఆమె తమిళం అంటే తమిళమే.

ఇక మన పట్టిక. కోడు మార్చాను. గడి ఖాళీగా ఉందా లేదా అన్నది సంఖ్యగా మార్చకముందే చూస్తుంది. ఖాళీ ఉంటే ‘చెప్పలేదు’ అని ఉన్నదున్నట్టు దాస్తుంది, సున్నా అంటే సున్నా. తెలుగు అంకెలు కొట్టినా చదువుకుంటుంది. మాతృభాష గడిలో ఇప్పుడు ఏదీ ముందే ఎంచి ఉండదు, ఇంట్లో ఒక్కొక్కరికీ వేరుగా అడుగుతుంది. దీనివల్ల మన తెలుగువాళ్ల లెక్క కొంచెం తగ్గుతుంది, కొందరికి బాధగా ఉంటుంది. మీటింగులో మాట్లాడుకుందాం. 2006 చట్టం తర్వాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి పాఠం అయ్యాక, పక్కన తెలుగు కూడా నేర్పమని అడిగే మన మాట నిలబడాలంటే చేతిలో ఉన్న జాబితాలో ప్రతి అంకెకూ ఒక మనిషి జవాబుదారీగా ఉండాలన్నది నా పట్టు.

అర్జీ ఈ నెల ఇవ్వడం లేదు. అధ్యక్షులవారితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. 1 అని ఉన్న ఇళ్ల జాబితాను ఊళ్లవారీగా విడగొట్టి రేపు గ్రూపులో పెడతాను. కోవిల్‌పట్టికి ముగ్గురు, విరుదునగర్‌కు ఇద్దరు, సాత్తూరుకు ఒకరు కావాలి. ఫోన్‌లో అడిగినా చాలు, కానీ ప్రశ్న ఉన్నది ఉన్నట్టు అడగండి. ‘ఒకరిద్దరికి వచ్చుంటుందిలే పెద్దమ్మా’ అని మీరే జవాబు అందించకండి.

ఏళాయిరంపన్నై నాకు వదిలేయండి. ఆదివారం పొద్దున్న పెద్దనాయన ఇంటికే ముందు పోతాను. తిట్లు ఎలాగూ తినాలి, పొద్దున్నే అయితే ఇడ్లీ కూడా పెడతారు.